బండి లేపినంక ఏది ముందు: టైర్లా, షాకులా?

"అన్నా, బండి రెండించులు లేపించిన. ఏటీ టైర్లు ఎయ్యాల్నా, ఎంటీ ఎయ్యాల్నా?"

బండి లేపుడంటే చక్రాల మీద బాడీని ఎత్తు చేసుడు. ఏటీ అంటే అన్ని దార్లకు నడిచే ఆల్ టెరైన్ టైరు, ఎంటీ అంటే బురదకు చేసిన మడ్ టెరైన్ టైరు. ఎండాకాలం నుంచి ఇదే ప్రశ్న. నల్లగొండల ముగ్గురు, కల్వకుర్తి నుంచి ఒకరు, నాగర్‌కర్నూల్ నుంచి ఇంకొకరు అడిగిండ్రు. షాకుల (షాక్ అబ్జార్బర్ల) సంగతి ఒక్కరన్నా అడగలే. టైరు అందరి కండ్లకు ఆనుతది, షాకు బండి కింద దుమ్ముల ఉంటది. నేను గూడ మొదట టైర్ల వెంటనే పడ్డ.

నాది 2016 మహీంద్రా థార్. పాత సీఆర్‌డీఈ డీజిల్. ముందు టార్షన్ బార్ (స్ప్రింగు బదులు మెలిదిరిగే కడ్డీ), ఎనక కమాన్ పట్టీలు. దేవరకొండ దిక్కు బత్తాయి తోటకు వారానికి నాలుగుసార్లు పోవాలె. ఎనక కమాన్లు మార్చి రెండించులు లేపించిన, పెద్ద టైర్లు ఎక్కించిన, షాకులు మాత్రం కంపెనీయే ఉంచిన. మంచిగనే ఉన్నయి గదా అనుకున్న. నెల తిరగకముందే, కాలువ కట్ట దిగుతుంటే ఎనక కుడిచక్రం గుంతల జారింది. ఠక్కుమని ఒక్కటే చప్పుడు. దిగి చూస్తే షాకు కింది కన్నం కాడ రబ్బరు బుష్ చీలి బయటికొచ్చింది, రాడ్ వంగింది. ఎనక పన్నెండు బత్తాయి డబ్బాలు. ఇంటిదాక పన్నెండు కిలోమీటర్లు బండి పుట్టి తీర్గ ఊగుకుంట వచ్చింది.

ఎందుకైందంటే, బండి లేపినంక పాత షాకు మామూలుగ నిలబడ్డప్పుడే సగానికన్న ఎక్కువ తెరుచుకొని ఉంటది. చక్రం గుంతల దిగితే ఇంకా తెరుచుకునేటందుకు జాగ ఉండదు. అప్పుడు చక్రం బరువంతా షాకు మీద వేలాడ్తది. షాకు పని ఊపును ఆపుడు, బరువును మోసుడు కాదు. పైంగ మనం ఎక్కించిన టైరు పాతదానికన్న ఐదారు కిలోలు ఎక్కువ. ఆ బరువు పైకి కిందికి ఎగురుతుంటే ఆపాల్సింది గూడ అదే షాకు.

అందుకే ఏం కొన్నా ముందు కొలువుండ్రి. జాకీ చాసిస్ కింద పెట్టి చక్రం గాలిల వేలాడేదాక లేపాలె, పక్కకు స్టాండు పెట్టుడు మరువొద్దు. షాకు ఊడదీసి పైకన్నం నుంచి కిందికన్నం దాక టేపు పెట్టుండ్రి. కొత్త షాకు దానికన్న ఒక ఇంచు ఎక్కువ తెరుచుకోవాలె. తర్వాత ఆక్సిల్‌ను బంప్ స్టాప్‌కు (పైన దెబ్బ ఆపే రబ్బరు దిమ్మకు) తాకేదాక లేపి మళ్ల కొలువాలె. షాకు పూర్తిగ మూసుకున్నప్పటి పొడుగు ఈ రెండో కొలతకన్న తక్కువ ఉండాలె, లేకుంటే లోపల పిస్టన్ అడుగును గుద్దుతది. "రెండించుల లిఫ్ట్‌కు సరిపోతది" అని డబ్బా మీద రాసింది చూసి కొనేటోళ్లు ఈ అరగంట పని చెయ్యరు. ఈ కొలత కమాన్ పట్టీల బండ్లకు. కొత్త థార్, జిమ్నీలకు కాయిల్ స్ప్రింగులు గాబట్టి లెక్క వేరే. బ్రేక్ హోస్ (బ్రేకు నూనె పైపు) గూడ అప్పుడే చూసుకోవాలె, చక్రం వేలాడితే అది గుంజుకుంటుందా లేదా అని.

ఇగ ఏ రకం షాకు? మామూలు ఆయిల్ షాకు ఊరు తిరిగేటందుకు చాలు. మొరం దారిల పది పదిహేను కిలోమీటర్లు ఆపకుండ తోలితే లోపల నూనె కాగి నురుగు పడ్తది, నురుగును పిస్టన్ పట్టలేదు, బండి తేలుతది. దిగి షాకు మీద చెయ్యి పెడితే తెలుస్తది, పెట్టిన చెయ్యి నిలవదు. మన దగ్గర మే నెలల గాలే 44, 45 డిగ్రీలు ఉంటది, ఇగ షాకు ఎట్ల సల్లవడ్తది?

నురుగును తగ్గించేటందుకే నైట్రోజన్ గ్యాస్. ఇండ్ల రెండు తీర్లు. ట్విన్ ట్యూబ్‌ల లోపల ఒక గొట్టం, బయట ఒక గొట్టం, గ్యాస్ తక్కువ ఒత్తిడితోటి ఉంటది. మోనో ట్యూబ్‌ల గొట్టం ఒక్కటే, గ్యాస్‌నూ నూనెనూ తేలే పిస్టన్ వేరు చేస్తది, ఒత్తిడి ఎక్కువ. కాగితాల మీద మోనోదే పైచెయ్యి. నూనె గొట్టానికే తాకుతది గాబట్టి వేడి జల్ది బయటికి పోతది, హైవే మీద బండి పట్టుగ ఉంటది. బిల్‌స్టీన్ మోనో షాకులు వేసిన బండి విజయవాడ రోడ్డు మీద తోలి చూసిన, నార్కట్‌పల్లి దాటి వంద మీద గూడ ఇటు అటు కాలే. హైదరాబాద్‌ల ఉండి నెలకొక్కసారి ఊరికొచ్చేటోళ్లకు నేను గదే చెప్త.

నేను మాత్రం ట్విన్ ట్యూబ్ గ్యాస్ వేయించిన. మా దిక్కు దారి నిండ కంకర, పొడుచుకొచ్చిన బండలు. పాత థార్‌కు ఎనక షాకులు కిందికి వేలాడ్తయి. మోనో ట్యూబ్‌కు రాయి తాకి సొట్ట పడితే పిస్టన్ తిరిగే గొట్టానికే సొట్ట పడ్డట్టు, ఆడికే పట్టేస్తది. ట్విన్ ట్యూబ్‌కు సొట్ట బయటి గొట్టానికి పడ్తది, చిన్నదైతే లోపలి గొట్టం తన పని తాను చేసుకుంటది. మొన్న కడుగుకుంట చూస్తే ఎడమదానికి బొటనవేలంత సొట్ట ఉంది, ఎప్పుడు పడ్డదో నాకే ఎరుక లేదు. ఫోమ్ సెల్ గూడ ట్విన్ ట్యూబే, గ్యాస్ బదులు ఫోమ్, బరువు మోసే బండికి మంచిదే. పక్కకు డబ్బాలు వేలాడే రిజర్వాయర్ షాకులు చూడసక్కగ ఉంటయి, బత్తాయి తోటకు పోయేటందుకు ఎందుకు?

ఇప్పుడు టైర్లు. ఇది మీ మట్టిని అడగాలె. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు సాగర్ ఎడమ కాలువ కింద నల్లరేగడి పొలాలు, అట్లనే అలంపూర్ దిక్కు. వాన పడ్డంక ఏటీ టైరు రెండు చుట్లు తిరిగేసరికి గాడులన్ని మట్టితోటి నిండి గుండైతది. ఎంటీకి గాడులు పెద్దవి, చక్రం జోరుగ తిరిగితే మట్టిని విసిరికొడ్తది. మా బామ్మర్దిది మిర్యాలగూడ దగ్గర, వరి పొలాల నడుమ ఇల్లు. ఆయనకు ఎంటీయే సరి, నేనే కొనిపిచ్చిన.

దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట దిక్కు ఎర్ర చెలకలు, మొరం, బండలు. ఏడాదిల బురద ఎన్ని రోజులు? మిగిలిన రోజులన్ని ఎంటీ మోత చెవుల మారుమోగుడే. తడిసిన తారు రోడ్డు మీద బ్రేకు కొడితే ఎంటీ జర దూరం పోయి ఆగుతది, జల్ది అరుగుతది. దుబ్బల అయితే తవ్వుకుంట కూసుంటది. ఇక్కడ టైరును చంపేది బండ అంచు. సర్కారు తుమ్మ ముల్లు దిగితే పంచర్ వేసుకోవచ్చు, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) కోసుకపోతే టైరు పారేసుడే. అందుకే ఏటీలనే ఎల్‌టీ (లైట్ ట్రక్) అని రాసున్నది, సైడ్‌వాల్ మందంగ ఉన్నది తీసుకోవాలె. హెచ్‌టీ (హైవే) టైరు వేసేదుంటే బండి లేపుడెందుకు?

సైజు గూడ ఆశకు పోవద్దు. మొదట నేనెక్కించింది 265/75 ఆర్16. కంపెనీ 235/70 ఆర్16 మీద అది దగ్గరదగ్గర 7 సెంటీమీటర్లు ఎత్తు, మీటరు 80 చూపిస్తే నిజంగ 87 మీద పోతున్నట్టు. ఎత్తు ఎక్కితే ఇంజన్ గుంజలేకపోయేది. షాకులు మార్చినప్పుడే అవి అమ్మి 245/75 ఏటీకి వచ్చిన. ఇప్పుడు 80కి 84. గాలి తారు మీద 32 పీఎస్ఐ, మొరం మీద 26, బురదల 18. 15 కన్న కిందికి పోతే రిమ్ము నుంచి టైరు ఊడొచ్చు. గాలి తీసుడు అల్కన, ఎక్కించేటందుకు కంప్రెసర్ బండిల ఉండాలె.

పైసలు ఒక్కదానికే ఉంటే షాకులు మార్చుండ్రి, పాత టైర్లే అరిగేదాక తోలుండ్రి. ఆర్సీల ఉన్న వివరాలకు తేడా వచ్చేటట్టు బండి మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం వస్తది, అది గూడ మతిల పెట్టుకోవాలె. అమ్రాబాద్ అడవిల సొంత బండితోటి తిరుగుదమని లేపేటోళ్లు ఆ ఆశ విడువుండ్రి, ఫర్హాబాద్ సఫారీకి అటవీశాఖ బండ్లే పోతయి.

కమాన్లు మార్చినంక ఐదు వందల కిలోమీటర్లకు యూ బోల్టులు (కమాన్‌ను ఆక్సిల్‌కు పట్టించేవి) మళ్ల బిగించాలె, కొత్త పట్టీలు కూసుంటే అవి వదులైతయి. బామ్మర్దికి మూడుసార్లు చెప్పిన. "చప్పుడేం వస్తలేదు బావా" అంటడు. ఆదివారం వస్తనన్నడు, టార్క్ పానా బయటపెట్టిన.