సియాటిల్ నుంచి యాంకరేజ్ దాకా, ఊరూరా ఆగే విమానంలో

సియాటిల్ నుంచి అలాస్కాలోని యాంకరేజ్‌కి నేరుగా వెళ్ళే ఫ్లైట్ ఎక్కితే మూడున్నర గంటల్లో దిగిపోతారు. మేము ఎక్కింది అది కాదు. అలాస్కా ఎయిర్‌లైన్స్‌లో 65 నంబరు ఫ్లైట్ అని ఒకటుంది. పొద్దున్నే సియాటిల్‌లో బయల్దేరి కెచికాన్, రాంగెల్, పీటర్స్‌బర్గ్, జూనో, ఈ నాలుగు చోట్లా ఆగి, జనాన్ని దింపి, ఎక్కించుకుని యాంకరేజ్ చేరుతుంది. దానికి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు మిల్క్ రన్, అంటే ఇల్లిల్లూ ఆగుతూ పాలు పోసే బండి. మన భాషలో చెప్పాలంటే పల్లెవెలుగు బస్సు, కాకపోతే బస్సుకి బదులు బోయింగ్ 737.

జూన్‌లో అమ్మ మా దగ్గర ఉన్నప్పుడు ఇద్దరం కలిసి వెళ్ళాం. డైరెక్ట్ ఫ్లైట్ ఉండగా దాదాపు రెట్టింపు టైమ్ పట్టేదాంట్లో ఎందుకు, అదీ పెద్దావిడతో, అని ఆఫీసులో అందరూ అడిగారు. క్రూజ్‌లో వెళ్ళొచ్చు కదా అన్నవాళ్ళూ ఉన్నారు. క్రూజ్ బాగుంటుంది, కాదనను, కానీ అందులో మీ చుట్టూ ఉండేది మీలాంటి టూరిస్టులే. ఈ ఫ్లైట్‌లో పక్క సీట్లో ఉండేది ఆ ఊరి మనిషి. నాకు ఈ ప్రయాణం అంతగా నచ్చడానికి కొండలు ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

ముందు సీటు సంగతి. ఉత్తరం వైపు వెళ్ళేటప్పుడు కుడి పక్క కిటికీ, అంటే ఎఫ్ సీటు తీసుకోండి, ఎందుకంటే కొండలన్నీ తూర్పు వైపే ఉంటాయి. రెక్కకి బాగా ముందో, బాగా వెనకో చూసుకోండి. తిరుగు ప్రయాణంలో 64 నంబరు ఎక్కితే ఎడమ పక్క, ఎ సీటు. నేను చేసిన తప్పు, ఎయిర్‌లైన్ వాళ్ళ దగ్గర కాకుండా కొంచెం తక్కువకి వస్తుందని వేరే టికెట్ల వెబ్‌సైట్‌లో కొనడం. అందులో ఎంచుకున్న సీట్లు అసలు నమోదే కాలేదు, అమ్మకి ఒకచోట మధ్య సీటు, నాకు ఎనిమిది వరుసల వెనక మరో మధ్య సీటు వచ్చాయి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి పెట్టేశారు. ఆ రాత్రంతా టెన్షనే. చివరికి గేటు దగ్గర ఉన్నావిడకి అమ్మ సంగతి చెబితే ఐదు నిమిషాల్లో ఇద్దరినీ ఒకే వరుసలోకి, అదీ కుడి పక్కకి మార్చి ఇచ్చింది. ఆవిడకి ఎన్ని థాంక్సులు చెప్పినా తక్కువే.

మొదటి భాగం, కెచికాన్ దాకా రెండు గంటలు, మాకు మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. అమ్మ నిద్రపోయింది. దిగేముందు మబ్బు చీలి ఒక్కసారిగా కింద అడవి, నీళ్ళు, మళ్ళీ అడవి. అమెరికాలోకెల్లా పెద్ద నేషనల్ ఫారెస్ట్, టాంగస్, ఇదే. కెచికాన్ ఊరు ఒక దీవి మీద, ఎయిర్‌పోర్టు ఎదురుగా గ్రవీనా అనే ఇంకో దీవి మీద ఉంటాయి, మధ్యలో సన్నటి జలసంధి, దాటాలంటే ఫెర్రీ ఎక్కాల్సిందే. అక్కడ వంతెన కడతామంటే 2005 ప్రాంతంలో దేశమంతా గోల చేసి, "ఎక్కడికీ వెళ్ళని వంతెన" అని పేరు పెట్టి ఆపించారు. కిటికీలోంచి చూస్తుంటే సూట్‌కేసులు లాక్కుంటూ ఫెర్రీ వైపు నడిచే జనం కనబడ్డారు, అప్పటికే వాన మొదలైంది, ఒక్కరి చేతిలోనూ గొడుగు లేదు. రన్‌వే గుట్ట మీద, టెర్మినల్ దాని కింద ఉండటంతో విమానం ల్యాండయ్యాక రోడ్డు మీద కారులా వాలులోంచి కిందికి దిగి వస్తుంది. అది చూసి అమ్మకి నిద్ర పూర్తిగా వదిలింది.

అక్కడ మా వరుసలో మూడో సీట్లోకి ఒకావిడ ఎక్కింది, పదేళ్ళ కొడుకుని వెనక వరుసలో కూర్చోబెట్టి. రాంగెల్ వాళ్ళట. పిల్లాడికి పళ్ళకి క్లిప్పులు వేయించడానికి కెచికాన్ వచ్చి, రెండు రోజులుండి వెళ్తున్నారు. పళ్ళ డాక్టరు కోసం విమానమా అని అమ్మ నా చేత అడిగించింది. ఆవిడ, ఇదేముంది, మా చిన్నమ్మాయిని కనడానికి నెల ముందే సియాటిల్ వెళ్ళి చెల్లెలి ఇంట్లో ఉన్నాను, అంది. పుట్టింటికి వెళ్ళినట్టే కదా అని అమ్మ అంటే అది ఆవిడకి చెప్పాను, చాలాసేపు నవ్వింది. ఆ తరవాత వాళ్ళిద్దరి మధ్యా తర్జుమా చేయడమే నా పని అయింది.

రాంగెల్ జనాభా రెండు వేల చిల్లర. 2020 లెక్కల్లో 2,127. బయటి ప్రపంచంతో రోడ్డు లేదు, పడవో విమానమో. దిగుతుండగా ఆవిడ మా మీదుగా వంగి కిటికీలోంచి వేలు పెట్టి చూపించింది, అదిగో ఆ ఎర్ర రేకుల కప్పు, పక్కన నీలం పడవ బోర్లించి ఉంది చూడండి, అదే మా ఇల్లు. రెండు సెకన్లు కనబడింది, అంతే. అమ్మ దాన్ని పట్టుకుంది, నేను పట్టుకోలేకపోయాను. ఏరోబ్రిడ్జి గట్రా లేదు, నేల మీదికి దిగి నడుచుకుంటూ వెళ్ళిపోవడమే. ఆవిడా, పిల్లాడూ కొంచెం దూరం వెళ్ళాక ఆగి, మా కిటికీ ఏదో గుర్తుపట్టి చెయ్యి ఊపారు.

ఈలోగా కిందినుంచి సామాను ఎక్కుతోంది. మైనం పూసిన అట్టపెట్టెలు, ఒక్కోదాని చుట్టూ నాలుగైదు వరసల టేపు, మీద లావు మార్కర్‌తో పేరూ, వెళ్ళాల్సిన ఊరూ, అన్నీ చేపలు. చేపల పెట్టె చెకిన్ చేయడం అక్కడ సూట్‌కేసు చెకిన్ చేసినంత మామూలు. వాసన వస్తుందేమోనని నేను భయపడ్డాను, ఏమీ రాలేదు.

తరవాతిదే అసలు సంగతి. రాంగెల్ నుంచి పీటర్స్‌బర్గ్‌కి 31 మైళ్ళు. జెట్ విమానాలు నడిచే అతి చిన్న రూట్లలో ఇదొకటి. ఫెర్రీలో మూడు గంటలు పట్టే దూరం, గాల్లో పావుగంట కూడా లేదు. సీటు బెల్టు లైటు ఆరనే లేదు. విమానం పైకి లేచిందో లేదో "ఏరా, మళ్ళీ దిగుతున్నామా? ఇప్పుడేగా ఎక్కాం" అంది అమ్మ. ఎత్తుకి వెళ్ళకపోవడం వల్ల కింద ప్రతీదీ దగ్గరగా కనిపిస్తుంది. రాంగెల్ వదలగానే కుడి వైపు స్టికీన్ నది సముద్రంలో కలిసే చోటు, మంచు కొండల్లోంచి మోసుకొచ్చిన ఒండ్రుతో బూడిద రంగు నీళ్ళు వెడల్పుగా పరుచుకుని, సముద్రపు ఆకుపచ్చ నీళ్ళని తాకిన చోట గీత గీసినట్టుంది. గోదావరి కొత్తనీరు వచ్చినప్పుడు చూశానే అలా ఉంది అంటూ అమ్మ కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంది. అటు దూరంగా డెవిల్స్ థంబ్ అనే శిఖరం, నిజంగానే బొటనవేలు ఎత్తి పెట్టినట్టు నిలువునా ఉంది. ఆ కొండల కిందే లకాంట్ హిమానీనదం. ఉత్తరార్ధగోళంలో సముద్రపు నీళ్ళని తాకే హిమానీనదాల్లో అన్నిటికంటే దక్షిణాన ఉన్నది అదే. దాన్నుంచి విరిగిన మంచుగడ్డలు తెల్ల చుక్కల్లా నీళ్ళ మీద కనబడ్డాయి. ఈ పదమూడు పద్నాలుగు నిమిషాల కోసమే మళ్ళీ టికెట్ కొనమన్నా కొంటాను.

పీటర్స్‌బర్గ్‌లో ఎక్కువ చెప్పడానికి లేదు, నార్వే నుంచి వచ్చినవాళ్ళు వేసిన చేపల ఊరు, పడవల రేవు చాలా అందంగా ఉంది, పైనుంచే చూశాం.

ఇంత తక్కువ మంది కోసం పెద్ద జెట్ రోజూ ఎలా ఆగుతుందని నాకు మొదటినుంచీ అనుమానం. 1978లో అమెరికాలో విమాన కంపెనీలకి ఎక్కడికి కావాలంటే అక్కడికి నడుపుకోమని స్వేచ్ఛ ఇచ్చినప్పుడు, లాభం లేని చిన్న ఊళ్ళని వదిలేస్తారన్న భయంతో ఎసెన్షియల్ ఎయిర్ సర్వీస్ అని ఒక ఏర్పాటు పెట్టారు, ఇలాంటి ఊళ్ళకి సర్వీసు ఆగకుండా ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. రాంగెల్, పీటర్స్‌బర్గ్ రెండూ అందులో ఉన్నాయి. ఆ డబ్బు దండగ అనే వాదన అప్పుడప్పుడూ వింటుంటాం. పళ్ళ క్లిప్పుల కోసం రెండు రోజులు పోగొట్టుకున్న ఆ పిల్లాణ్ణి చూశాక ఆ మాట నా నోట రాదు.

జూనో దిగడం గురించి చెప్పాలి. అలాస్కా రాష్ట్ర రాజధాని, ముప్పై రెండు వేల జనం, అయినా బయటి నుంచి రోడ్డు లేదు. రెండు పక్కలా కొండలు, మధ్యలో ఇరుకు కాలువ, పైన ఎప్పుడూ మబ్బు. 1971 సెప్టెంబరులో ఇదే తీరం వెంబడి ఆగుతూ జూనోకి వస్తున్న బోయింగ్ 727 ఒకటి కొండని గుద్దుకుని అందులోని 111 మందీ చనిపోయారు. ఉపగ్రహాల సాయంతో, ముందే కంప్యూటర్లో గీసి పెట్టిన వంపుల దారిలో కొండల మధ్యనుంచి కచ్చితంగా దిగే ఆర్‌ఎన్‌పీ పద్ధతిని 1996లో అలాస్కా ఎయిర్‌లైన్స్ మొదటిసారి వాడింది ఈ జూనోలోనే. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్నారు. ఎక్కేముందు ఇదంతా చదివాను కాబట్టి విమానం ఒరుగుతూ తిరిగినప్పుడు భయం బదులు ఎంతో గౌరవం కలిగింది. ఇంకో సంగతి, 1987లో ఇక్కడినుంచి లేచిన 737ని చూసి బెదిరిన గద్ద కాళ్ళలోని చేపని వదిలేస్తే అది వచ్చి కాక్‌పిట్ దగ్గర తగిలింది, తరవాతి ఊళ్ళో దింపి విమానాన్ని పరీక్ష చేయాల్సి వచ్చింది. అమ్మకి చెబితే నమ్మలేదు. నిజంగా జరిగింది.

జూనో నుంచి యాంకరేజ్‌కి గంటన్నర పైమాటే. ఇక్కడ విమానం మామూలు ఎత్తుకి వెళ్తుంది, మబ్బులన్నీ కిందే ఉండిపోయాయి, కుడి వైపు ఫెయిర్‌వెదర్ శిఖరం, ఆ తరవాత 5,489 మీటర్ల సెయింట్ ఎలియాస్, దాని పాదాల దగ్గర మలాస్పినా హిమానీనదం. కొండల్లోంచి బయటపడి మైదానంలోకి వచ్చాక గుండ్రంగా పరుచుకుంది, పెనం మీద పిండి పోసి గరిటెతో తిప్పినట్టు వలయాలు వలయాలుగా. ఈ రకం హిమానీనదాల్లో ప్రపంచంలోనే పెద్దది. దాన్ని దాటడానికి ఎంతసేపు పట్టిందో, అమ్మ మాట్లాడటం మానేసింది. ఫోన్ తీసి నాన్నకి వీడియో తీసింది, వేలు సగం అడ్డం వచ్చింది, అయినా దాచుకున్నాం.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్ళండి, చలికాలం వెలుతురు తక్కువ. పొగమంచు ఉంటే ఈ చిన్న ఊళ్ళలో దిగకుండా ముందుకెళ్ళిపోవడం మామూలే, కాబట్టి యాంకరేజ్‌లో అదే రోజు ముఖ్యమైన పని పెట్టుకోకండి. తినడానికి ఇంటి నుంచి పట్టుకెళ్ళండి, మేము పులిహోర తీసుకెళ్ళాం, చిన్న చిన్న ఎగురుళ్ళలో ఏదైనా ఇచ్చే టైమే ఉండదు. యాంకరేజ్ దాకా ఒకే టికెట్ తీసుకోండి. ఒక్కో ఊళ్ళో దిగి ఉండాలంటే విడివిడిగా కొనాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. రాంగెల్, పీటర్స్‌బర్గ్‌లలో కనీసం ఒకదాంట్లో ఒక రాత్రి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని నిశ్చింతగా తీసుకెళ్ళొచ్చు, దారిలో దిగక్కర్లేదు, మేము సీట్లోనే ఉన్నాం.

జూనో, యాకుటాట్, కార్డోవా మీదుగా వెళ్ళే 61 నంబరు కూడా ఉంది. అమ్మ వచ్చే ఏడు వస్తే దాంట్లో తీసుకెళ్తానన్నాను. సరే కానీ రాంగెల్‌లో ఆగదా అది, అని అడిగింది.