మోషే కార్టూనా, బంతిపూల వంతెనా: పిల్లలకు ఏది మేలు?

వేసవి సెలవుల బైబిలు బడి (వీబీఎస్) దగ్గర పడుతోందంటే తల్లులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "అక్కా, సెలవుల్లో పిల్లలు ఎలాగూ టీవీ వదలరు. బైబిలు కార్టూన్లు మాత్రమే పెట్టమంటారా, మామూలువి కూడా చూడనివ్వమంటారా?" నిరుటి వరకు ఆలోచించకుండా "బైబిలువే పెట్టండమ్మా" అనేదాన్ని. ఈ ఏడాది అలా అనడానికి నోరు రాలేదు. మా ఇంట్లో జరిగిన రెండు చిన్న సంగతులు అందుకు కారణం.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ. మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రలోని పాతపట్నం. అక్కడి పిల్లలకు ఈ మూడు భాషల తంటా లేదు. మా రెండోవాడికి ఏడేళ్లు. వారం రోజుల పాటు రోజూ సాయంత్రం ఫోనులో హిందీ బైబిలు కార్టూను చూశాడు. బైబిలే కదా అని నేను నిశ్చింతగా వంట చేసుకున్నాను. ఆదివారం సండే స్కూల్లో మోషే ఎవరని అడిగితే తెల్లముఖం వేశాడు. "వారమంతా చూశావు కదరా" అన్నాను. "అది మూసా కథ అమ్మా" అన్నాడు. బడిలో పక్క బల్ల మీద కూర్చునే ఒడియా సంఘం పిల్లవాడు చెప్పే మోశా మరొకడట. మోషే, మూసా, మోశా: వాడి లెక్కలో ముగ్గురు మనుషులు. నోవహు, నూహ్ సంగతీ అంతే.

ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వారం రోజులు చూసిన కథలో ఒక్క ముక్క కూడా మేము ప్రార్థన చేసుకునే భాషలోకి రాలేదు. గిడుగు రామమూర్తిగారు బడిపంతులుగా పనిచేసి, వాడుక భాష కోసం పోరాడిన ఊరు మాది. అయినా మా పిల్లల చేతిలోని బైబిలు ఇంకా "చెప్పెను, వెళ్లెను" అనే మాట్లాడుతుంది. కార్టూను మాత్రం వాడికి అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెబుతుంది. రెండింటికీ మధ్య ఒక పెద్ద మనిషి కూర్చోకపోతే ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా?

బైబిలు కార్టూన్లను తీసిపారేయడం లేదు. అయిదేళ్లలోపు పిల్లలకు అవే మేలు. ఓడ, చేప, గొర్రెలకాపరి వడిసెల వంటి బొమ్మలు ఆ వయసులో మనసులో నాటుకుంటే చెరగవు. చిక్కల్లా బైబిలు అనే పేరు చూడగానే మన కాపలా సడలిపోవడంలో ఉంది. మోషే కథతో 1998లో వచ్చిన 'ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్' సంగతే చూడండి. చాలా అందమైన సినిమా, నాకు ఎంతో ఇష్టం. కథను కొంత స్వేచ్ఛగా మలచుకున్నామని తీసినవాళ్లు మొదట్లోనే తెర మీద రాసి మరీ చెప్పారు. ఆ అక్షరాలు చదివేదెవరు? అందులో నీళ్లలోంచి బిడ్డను తీసేది రాణి. బైబిలులోని నిర్గమకాండములో ఫరో కుమార్తె. అది చిన్న తేడా, పోనిద్దాం. ఐగుప్తీయుణ్ణి చంపే ఘట్టాన్ని మాత్రం పోనివ్వలేం. సినిమాలో మోషే ఆవేశంగా అడ్డుపడతాడు, ఆ తోపులాటలో పనివాళ్ల మీది అధికారి పైనుంచి కిందపడి చనిపోతాడు. నిర్గమకాండము రెండో అధ్యాయంలో మోషే ఇటూ అటూ చూస్తాడు. ఎవరూ లేరని రూఢి చేసుకుంటాడు. చంపుతాడు. ఇసుకలో కప్పిపెడతాడు.

ఇటూ అటూ చూడడం పిల్లలకు బాగా తెలిసిన పని. బెల్లం డబ్బా మూత తీసే ముందు మావాడు చేసేది అదే. తన గుట్టు ఎవరికీ తెలియదనుకున్న మనిషిని దేవుడు మండే పొద దగ్గర పేరు పెట్టి పిలవడంలోనే ఆ కథ బలమంతా ఉంది. ఆ హత్యను ప్రమాదంగా మార్చేస్తే మోషే మంచివాడిగా మిగులుతాడు, కృపకు పని తగ్గిపోతుంది. ఈ మాట ఆ పూట పిల్లల పక్కన కూర్చున్నవాళ్లు చెప్పాలే గాని, సినిమా తనంతట తాను చెప్పదు.

ఇక మామూలు సినిమాలు. తల్లులు ముందుగా అడిగేది మంత్రాల గురించి. నా మట్టుకు మంత్రదండం కంటే "నీ మనసు చెప్పిందే సత్యం" అనే పాఠం ఎక్కువ గుబులు పుట్టిస్తుంది. మంత్రం కల్పితమని ఏడేళ్లవాడికి తెలుసు. మనసు మోసం చేయగలదని, యిర్మీయా ప్రవక్త ఆ సంగతి ఏనాడో చెప్పాడని తెలియదు. 'ఫ్రోజెన్' సినిమాలో మంచు మంత్రాలు చూసి భయపడిన తల్లులకు నేను చివరి ఘట్టం గుర్తుచేస్తాను. చెల్లెలిని బతికించేది రాకుమారుడి ముద్దు కాదు, అక్క మీదికి వచ్చిన కత్తికి అడ్డుపడి తన ప్రాణం ఒడ్డడమే. ఈ ఘట్టం చూపించి, స్నేహితుల కోసం ప్రాణం పెట్టడం కంటే గొప్ప ప్రేమ లేదనే యోహాను 15:13 చెబితే పిల్లలు మరచిపోరు.

హిందీ కార్టూన్ల దయ్యాల కథలతో వచ్చే ఇబ్బంది వేరు. అక్కడ దయ్యాన్నీ "ఆత్మ" అనే అంటారు. "పరిశుద్ధాత్మ కూడా తెల్ల చీర కట్టుకుంటుందా?" అని మా సండే స్కూలు పాప ఒకతె అడిగింది. పాస్టరు అయ్యగారు నా వైపు చూశారు, నేను గోడ వైపు చూశాను.

నా అభిప్రాయం మార్చింది మాత్రం 2017లో వచ్చిన 'కోకో' సినిమా. మెక్సికోలో చనిపోయినవాళ్లను తలచుకునే పండుగ రోజున మిగేల్ అనే పిల్లవాడు వాళ్ల లోకంలోకి వెళ్లిపోతాడు. ఆ లోకానికీ ఇటువైపుకీ మధ్య వంతెన బంతిపూల రేకులతో ఉంటుంది. ఇంట్లో ఫొటో పెట్టి తలచుకుంటేనే పెద్దలు ఆ వంతెన దాటి రాగలరు. బతికున్నవాళ్లలో ఒక్కరికీ గుర్తు లేకపోతే అక్కడ కూడా మాయమైపోతారు. అస్థిపంజరాలు ఆడి పాడే సినిమా అని విని నేను ముందు వద్దన్నాను. పిల్లల పోరు పడలేక చివరికి నేనూ వాళ్ల పక్కన కూర్చున్నాను.

తరువాత నవంబరు 2 వచ్చింది. సమాధుల పండుగ నాడు మామగారి సమాధి కడిగి, సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించి, చుట్టూ బంతిపూలు పరుస్తున్నాం. మావాడు ఒక రేకు వేళ్ల మధ్య నలుపుతూ అడిగాడు: "మనం ఫొటో పెట్టడం మరచిపోతే తాతయ్య మాయమైపోతాడా?" దీపావళి సాయంత్రం మా ఒడియా ఇరుగుపొరుగు జనపకట్టెలు వెలిగించి, చీకట్లో రండి, వెలుగులో వెళ్లండి అని తమ పెద్దలను పిలవడం కూడా వాడు చూశాడు. వాళ్ల నమ్మకాన్ని తేలిక చేసి మాట్లాడడం మా ఇంట్లో లేదు. వాడి ప్రశ్నకు మాత్రం జవాబు కావాలి.

సిలువ మీది దొంగ కథ చెప్పాను. అతనికి ఫొటో లేదు, సమాధి మీద పువ్వు పెట్టే దిక్కూ లేదు. తనను జ్ఞాపకం చేసుకోమని పక్కనున్న ప్రభువును అడిగాడు, అంతే. "తాతయ్యను మనం మరచిపోయినా ఆయన మరచిపోడు. మనం పూలు పెట్టేది తాతయ్య మీద ప్రేమ కొద్దీ" అన్నాను. వాడు కొంచెం ఆలోచించి ఆ రేకును సమాధి మీదే పెట్టేశాడు. పునరుత్థానం గురించి నేను పదేళ్లుగా సండే స్కూల్లో చెబుతున్నాను. ఒక పిల్లవాడు తనంతట తాను అడగడం అదే మొదటిసారి. ఆ ప్రశ్నను లేపింది బైబిలు కార్టూను కాదు.

అదే సినిమాలో తరాల నాటి కక్షను క్షమించడం ఉంది, ముసలివాళ్లను ఆదరించడం ఉంది. తల్లిదండ్రులను సన్మానించమనే ఆజ్ఞ చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? (అది ఎన్నో ఆజ్ఞ అని మాత్రం మా ఇంట్లో అడగకండి. రాయగడ వైపు లూథరన్లయిన మా పుట్టింటివారికి నాలుగోది, బాప్టిస్టులైన అత్తవారికి అయిదోది.)

మిగిలిన దారులు రెండు మూడు ఉన్నాయి. టీవీ అసలే వద్దంటే పిల్లలు పక్కింటి టీవీ చూస్తారు. సెన్సారు సర్టిఫికెట్ చూసుకోవచ్చు. 2024 నుంచి, పెద్దల తోడుతో చూడదగ్గ యూఏ వర్గంలో ఏడు, పదమూడు, పదహారేళ్ల మెట్లు కూడా పెట్టారు. అది వయసుకు తగునా కాదా అన్నది చెబుతుంది, విశ్వాసం సంగతి దాని పని కాదు. ఫోనులో వరసగా దొర్లిపోయే చిన్న వీడియోల మీద క్రైస్తవ పేరున్నా నేను సిఫారసు చేయను.

కాబట్టి ఇప్పుడు ఎవరైనా అడిగితే, పక్కన మనిషి లేని బైబిలు కార్టూను కంటే అమ్మో నాన్నో కూర్చుని చూసే మామూలు సినిమాకే నా ఓటు అంటున్నాను. రెండూ కూర్చునే చూడగలిగితే, ముందు అధ్యాయం వాడుక తెలుగులో చెప్పి, ఆ తరువాత మోషే సినిమా పెట్టండి. "గంటన్నర ఎక్కడ దొరుకుతుందక్కా" అంటారు. మేము ఒక సినిమాను అరగంట చొప్పున మూడు సాయంత్రాలు చూస్తాం. ఆపిన చోట పిల్లవాడు అప్పటి వరకు జరిగిన కథను తెలుగులో నాన్నమ్మకు చెప్పాలి. చెప్పలేని చోట వాడికి ఏం అర్థం కాలేదో మాకు తెలిసిపోతుంది.

మా అత్తగారికి ఈ పద్ధతి ఇప్పటికీ గిట్టదు. అస్థిపంజరాలు రాగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. కాసేపటికి కొంగు చాటు నుంచే, "ఆ ముసలావిడకు వాళ్ల నాన్న గుర్తొచ్చాడా లేదా?" అని అడుగుతారు.