గేటు కెమెరా రాత్రిళ్లే ఎందుకు పోయింది: మూడేళ్ల తర్వాత మా ఇన్‌స్టాలర్ గురించి

కింద షాపు, పైన ఇల్లు. నాలుగు సీసీ కెమెరాలు, వాటిని రికార్డు చేసే ఒక డీవీఆర్. బిగించింది మా వీధి చివరి షాపతనే. కేసింగ్ పట్టీలు దారం పట్టి కొట్టినట్టు తిన్నగా వచ్చాయి. అడ్మిన్ పాస్‌వర్డ్ రాసిచ్చాడు, యాప్ మా నంబరుతోనే రిజిస్టర్ చేశాడు. కొందరు తమ నంబరు పెట్టేసుకుని తర్వాత తిప్పించుకుంటారు, ఇతను ఆ పని చేయలేదు. మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ ఇతన్నే చెప్పాను.

నా కోపమంతా వైరు మీద.

రెండో ఏడాది వానల నుంచి గేటు కెమెరాకి చీకటి పడగానే ‘వీడియో లాస్’. కాసేపు బొమ్మ వస్తుంది, మళ్లీ పోతుంది. తెల్లారితే మామూలే. అతను ముందు కెమెరా మార్చాడు, తర్వాత ఎస్‌ఎంపీఎస్ (కెమెరాలకు 12 వోల్టులిచ్చే పవరు డబ్బా) మార్చాడు, రెండింటికీ బిల్లు వేశాడు. కొత్త కెమెరాదీ అదే వరస.

మల్టీమీటర్ పెడితే తేలింది. ఎస్‌ఎంపీఎస్ దగ్గర 12.2 వోల్టులు, గేటు దగ్గర పగలు 10.9, రాత్రి 8.7. కెమెరా తగిలించి ఉండగానే కొలవాలి, ఊడదీసి కొలిస్తే 12 చూపించి మోసం చేస్తుంది. చీకట్లో చూడ్డానికి కెమెరాలో ఉండే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలగగానే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది, 40 మీటర్ల సన్న తీగలో వోల్టేజీ పడిపోయి ఆగిపోతుంది. ఆగగానే లోడు తగ్గి వోల్టేజీ లేస్తుంది, మళ్లీ స్టార్టవుతుంది.

తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా ఉంది: రాగి పూత పూసిన అల్యూమినియం. బిల్లులో మాత్రం ‘3+1 కాపర్’, అంటే మూడు పవరు తీగలు, ఒక వీడియో తీగ ఉన్న రాగి వైరు. పైగా గేటు దగ్గర జంక్షన్ బాక్సే లేదు, జాయింటుకు టేపు చుట్టి వానకు వదిలేశాడు. టేపు విప్పితే తెల్లటి పొడి రాలింది. మొదటి ఏడాది నడిచి తర్వాత మొరాయించింది అందుకే.

పవరుకు విడిగా 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ జత లాగించి, జాయింటును 4×4 పీవీసీ బాక్సులో పెట్టించాం. ఇప్పుడు రాత్రి 11.6. గేటు దగ్గర ప్లగ్ పాయింటు ఉంటే 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టరుతోనూ పనైపోతుంది గానీ, ఒక్కోసారి బొమ్మ మీద గీతలు పాకుతాయి.

మిగతా మూడు కెమెరాలూ ఆ వైరు మీదే ఉన్నాయి, 12 మీటర్ల లోపు కాబట్టి ఒక్కరోజూ ఆగలేదు. ఒక్క గది షాపైతే ఈ బాధే తెలియకపోవచ్చు. ఆదివారం పిలిచినా వస్తాడు, మాకు అది ముఖ్యం. అందుకే మళ్లీ ఇతనితోనే చేయించుకుంటాం. 90 మీటర్ల వైరు చుట్ట మాత్రం గీకి చూసి మేమే కొనిస్తాం.