కుక్కకి ప్రోబయోటిక్ పొడి: ఏళ్లుగా వాడి చూశాక

కుక్కకి ప్రోబయోటిక్ పొడి, అంటే పేగుకి మేలుచేసే సూక్ష్మజీవులున్న పొడి, కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తాను. పనిచేస్తుంది. కానీ ప్యాకెట్ మీద రాసినన్ని పనులు చెయ్యదు, రోజూ వెయ్యాల్సిన పనీ లేదు. మా బ్రూనోకి ఏళ్లుగా వాడి చూసి చెప్తున్న మాట ఇది.

బ్రూనో లాబ్రడార్. మాది నెల్లూరు, వేదాయపాళెం. లాబ్‌ని పెంచినవాళ్లకి దాని తిండియావ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకి పీఓఎంసీ అనే జన్యువులో కొంత ముక్క ఉండదనీ, అలాంటివి తిండికోసం మరీ వెంటపడతాయనీ 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. మావాడు ఆ నాలుగో వంతులోనే ఉంటాడని నా గట్టి అనుమానం. టిఫిన్ బండి కింద పడ్డ వడముక్క మొదలుకొని ఎవరో పారేసిన చేప తలకాయ దాకా దేన్నీ వదలడు. తర్వాత మోషన్స్ పెట్టుకుంటాడు.

షాపుల్లో దొరికే పొడులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకదాంట్లో బ్యాక్టీరియా ఉంటుంది: ఎంటరోకాకస్ ఫేసియం, లాక్టోబాసిలస్ వగైరా. రెండోదాంట్లో సాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్. రెండూ కలిపినవీ ఉన్నాయి. ప్యాకెట్ తిప్పి వెనక చూడండి. ఏ సూక్ష్మజీవి, ఎన్ని కోట్లు, ఎప్పటిలోగా వాడాలి అన్నది రాసి ఉండాలి. ఉత్తినే ‘జీర్ణశక్తికి’ అని రాసి పేరు కూడా చెప్పని డబ్బాని అక్కడే పెట్టేసి రండి.

ఈ బ్యాక్టీరియా, ఈస్ట్ తేడా పట్టించుకోవాల్సింది యాంటీబయాటిక్ వాడేటప్పుడు. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాయంటే మా ఊళ్లో నేల ఆరదు, బ్రూనో పొట్టకింద చర్మం పుండ్లు పడుతుంది. డాక్టరుగారు సెఫలెక్సిన్ రాస్తారు. పుండ్లు మానుతుంటే ఇటు కడుపు పాడవుతుంది, ఎందుకంటే ఆ మందు పేగులోని మంచి బ్యాక్టీరియాని కూడా వదలదు. యాంటీబయాటిక్ ఈస్ట్‌ని ఏమీ చెయ్యదు కాబట్టి ఆ రోజుల్లో నేను ఈస్ట్ పొడే వేస్తాను. బ్యాక్టీరియా రకమే ఇంట్లో ఉంటే మందుకీ దానికీ కనీసం రెండు గంటలు ఎడం ఇస్తాను. నాకు తేడా స్పష్టంగా కనపడింది ఇక్కడే. పొడి లేకుండా కోర్సు నడిచినప్పుడు అర్ధరాత్రి తలుపు గీకి లేపేవాడు. పొడితో నడిచినప్పుడు నన్ను నిద్రపోనిచ్చాడు.

తేడా ఉందో లేదో తేల్చేది కుక్క మలమే. చూడ్డానికి మొహమాటపడితే కుక్కని పెంచలేం. పశువైద్యులు ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేసిన బొమ్మల పట్టిక వాడతారు. ఒకటంటే ఎండిపోయిన ఉండలు, ఏడంటే నీళ్లు. రెండు గానీ మూడు గానీ ఉంటే మంచిది: కవరు తొడుక్కుని ఎత్తితే ఆకారం చెడకుండా రావాలి, నేలమీద మహా అయితే కొంచెం తడి మిగలాలి. ఆ పట్టిక ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. మా అమ్మ ఊరుకుంటుందా? “ఒరే, అన్నం తినే చోట ఏందిరా ఈ బొమ్మలు!” అని పీకేసింది. ఇప్పుడది చెప్పుల స్టాండు పక్కన ఉంది. అదీ మంచిదే, పొద్దున్నే వాడిని బయటికి తీసుకెళ్లేటప్పుడు కంటపడుతుంది.

రంగూ తీరూ కూడా చూడాలి. మాటిమాటికీ కూర్చుని, ముక్కి, కొంచెం కొంచెంగా జిగురుతోనో ఎర్రటి చారతోనో వెళ్తుంటే గడబిడ పెద్దపేగులో ఉందని అర్థం. ఎక్కువెక్కువగా పల్చగా వెళ్తూ, మనిషి చిక్కినట్టు చిక్కిపోతుంటే చిన్నపేగు సంగతి. తారులాగా నల్లగా వచ్చిందా, లోపలెక్కడో పైన రక్తం పోతున్నట్టు. అప్పుడు పొడి జోలికి పోకుండా బండి తియ్యాలి.

ఇక మా అమ్మ పక్షం: “గడ్డపెరుగు రెండు గరిటెలు వేస్తే పోయేదానికి ప్యాకెట్లు ఎందుకు?” ఈ వాదనలో సగం నిజముంది. పాలు అరగని ఎదిగిన కుక్కలు చాలానే ఉంటాయి, పెరుగులో లాక్టోజ్ తక్కువ కాబట్టి కొంచెమైతే చాలావాటికి పడుతుంది. కానీ మన తోడులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో, అది కుక్క పేగుదాకా బతికి చేరుతుందో ఎవరూ లెక్కగట్టి చెప్పలేరు. పెరుగన్నం మీదే ఏళ్లతరబడి పెంచితే మాంసకృత్తులూ కాల్షియమూ చాలవు. అన్నాన్ని మాత్రం నేను తప్పు పట్టను. పిండిపదార్థాన్ని అరిగించే ఏఎంవై2బీ జన్యువు ప్రతులు తోడేలుకన్నా కుక్కలో చాలా ఎక్కువని 2013లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. వరి పండే మన జిల్లాలో కుక్కలు అన్నం తినడం వింతేమీ కాదు. కడుపు చెడగొట్టేది అన్నం మీద పోసేదే. నెల్లూరు చేపల పులుసు మనకి అమృతం, వాడికి ఉల్లిపాయ విషం, ముల్లు గొంతులో గండం.

పొడి ఏ మాత్రం పనికిరాని సందర్భాలూ చూశాను. ఒకసారి ఎంత వేసినా మలం గట్టిపడలేదు, వాడు వెనక భాగం నేలకేసి ఈడుస్తున్నాడు. తోక కింద వెంట్రుకలకి బియ్యపుగింజంత తెల్లటి ముక్కలు అంటుకుని, ఒకటి రెండు కదులుతున్నాయి కూడా. బద్దెపురుగు. ఒంటిమీద గెంతే ఫ్లీస్ పురుగుల్ని నాకి మింగితే ఇది లోపలికి చేరుతుంది. ప్రాజిక్వాంటెల్ ఉన్న బిళ్లా, ఒంటికి ఫ్లీస్ మందూ పడ్డాకే కుదుటపడింది. నులిపురుగుల బిళ్ల మాకిప్పుడు మూడు నెలలకోసారి, క్యాలెండర్ మీద రాసి ఉంటుంది.

టీకాలు పూర్తికాని కూనకి వాంతులూ నెత్తుటి విరేచనాలూ మొదలైతే అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. సెలైన్ పడాల్సిన చోట పొడి కలుపుతూ కూర్చుంటే పూటలో ప్రాణం మీదికొస్తుంది. కొవ్వు మాంసం తిన్నాక వాంతులై, ముందుకాళ్లు చాపి నడుం పైకెత్తి మొక్కుతున్నట్టు నిలబడితే క్లోమం వాచిందేమో చూపించాలి. పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఊరికే ఓకరిస్తుంటే పొట్ట మెలిపడి ఉండొచ్చు, దానికి గంటలు కూడా ఉండవు. మనం మింగే నొప్పి బిళ్లలు మాత్రం ఏ పరిస్థితిలోనూ వెయ్యకండి, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పెడతాయి.

వాడకం సంగతులు కొన్ని. వేడివేడి అన్నంలో కలిపితే లోపలి జీవాలు చస్తాయి. అన్నం చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా కూడా తగలనంత ఆరాకే చల్లుతాను. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కరెంటు పోయిన గది ఎట్టా ఉంటుందో మనకి తెలుసు, అలమారలో పెట్టిన పొడి గతీ అంతే. అందుకే పెద్ద డబ్బా కన్నా చిన్న ప్యాకెట్లే నయం. సముద్రపు గాలి తేమకి నేను కొన్న ఒక డబ్బా మూత తీసిన కొన్నాళ్లకే గడ్డకట్టింది, గరిటె దిగలేదు. అమ్మినాయన “మూత గట్టిగా పెట్టాలన్నా” అని నాకే బుద్ధి చెప్పాడు. రుచి విషయంలో మాత్రం ఫిర్యాదు లేదు, బ్రూనో గిన్నె అడుగు అరిగేలా నాకుతాడు. అయినా వాడి అభిప్రాయాన్ని సాక్ష్యంగా తీసుకోలేం.

ఇప్పుడు నేను ప్యాకెట్ చించేది నాలుగు సందర్భాల్లోనే: యాంటీబయాటిక్ నడుస్తున్నప్పుడు, డ్రైఫుడ్ మార్చేటప్పుడు, మేం తిరుమల వెళ్తూ వాడిని బోర్డింగ్‌లో వదిలినప్పుడు, దీపావళి టపాసుల భయానికి కడుపు కదిలినప్పుడు. తిండి మార్చేటప్పుడు కూడా అసలు పని చేసేది నిదానమే. పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం పెంచుతూ వారం పది రోజులు లాగుతాను, పొడి దానికి తోడు మాత్రమే. మిగతా రోజుల్లో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన తీపి గుమ్మడి రెండు చెంచాలు చాలు. పొడి ఖర్చులో అది ఏ మూలకీ రాదు.

ఐదుకి మూడు ఇస్తాను. ఒకటి తగ్గించింది ప్యాకెట్ మీది గొప్పలకి. ఇంకోటి, మూడు కిలోల పొమేరియన్‌కీ ముప్పై కిలోల లాబ్‌కీ ఒకే ప్యాకెట్ ఎందుకో ఎక్కడా ఒక్క ముక్క రాయనందుకు. పండగ ముందు షాపుల్లో సరుకు అయిపోతుంది, కావలిసినవాళ్లు గడువు తేదీ చూసుకుని ఓ నాలుగు ప్యాకెట్లు ముందే తెచ్చి పెట్టుకోండి.