టాకో జారినా ఆగని డీసీ డ్రైవ్: 9 ఏళ్ల వాడకం తర్వాత

మా పీవీసీ పైపుల యూనిట్‌లో ఎక్స్‌ట్రూడర్ (ప్లాస్టిక్‌ను స్క్రూతో కరిగించి పైపుగా తోసే యంత్రం) మోటారుకు, దాని వేగాన్ని నియంత్రించే డిజిటల్ డీసీ డ్రైవ్ బిగించి 9 ఏళ్లయింది. ఆంపియర్లు, థైరిస్టర్ల సంగతి కేటలాగులో దొరుకుతుంది. నేను చెప్పదలచుకున్నది టాకో గురించే, అంటే మోటారు షాఫ్టుతో పాటు తిరుగుతూ వేగాన్ని వోల్టేజీగా డ్రైవ్‌కు చెప్పే చిన్న జనరేటరు గురించి.

పాత అనలాగ్ డ్రైవ్ ఉన్న రోజుల్లో ఒకసారి టాకో వైరు తెగింది. టాకో నుంచి వోల్టేజీ రాకపోతే మోటారు నిలబడిపోయిందనే ఆ కార్డు అనుకుంటుంది, ఇంకా ఇంకా కరెంటు ఇస్తూ పోతుంది. స్క్రూ ఒక్కసారిగా పరుగందుకుంది. ఆపరేటర్ ఎమర్జెన్సీ బటన్‌ను అరచేత్తో కొట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే, టాకో పోతే తనంతట తానే ఆర్మేచర్ (మోటారులో తిరిగే చుట్ట) వోల్టేజీని బట్టి వేగాన్ని అంచనా వేసే పద్ధతికి మారుతుందన్న ఒక్క మాట చూసి ఈ డ్రైవ్‌కు సరేనన్నాను.

ఆ మాట నిలబెట్టుకుంది కూడా. నాలుగో ఏడాది టాకో కప్లింగ్‌లోని గ్రబ్ స్క్రూ వదులై, కప్లింగ్ షాఫ్టు మీద జారసాగింది. ఆర్మేచర్ వోల్టేజీకీ, టాకో చెబుతున్న వేగానికీ పొంతన లేదని డ్రైవ్ పసిగట్టి మారిపోయింది. మోటారు పరుగెత్తలేదు, లైను ఆగలేదు, ఎవరికీ తెలియనూ లేదు. నాకు మండింది ఇక్కడే.

అలారం వచ్చిన మాట నిజమే. ప్యానెల్ తలుపు వెనక, చిన్న డిస్‌ప్లేలో! పని నడుస్తుంటే ఆ తలుపు ఎవరు తీస్తారు? రెండు వారాలు పైపు బరువుతో కుస్తీ పట్టాం. ఉదయం మీటరు బరువు సరిచేసి వదిలితే మధ్యాహ్నానికి గోడ మందం పెరిగేది. రెసిన్‌ను అనుమానించి సరఫరాదారుతో తగవు పెట్టుకున్నాం, పైపును ముందుకు లాగే హాల్ఆఫ్ బెల్టులు బిగించాం. అసలు సంగతి మోటారులో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే ఫీల్డ్ కాయిల్‌లో ఉంది. రాగి 10 డిగ్రీలు వేడెక్కితే నిరోధం దాదాపు 4 శాతం పెరుగుతుంది. మా ఫీల్డ్‌కు సప్లై మామూలు డయోడ్ బ్రిడ్జి నుంచే. వోల్టేజీ అదే ఉండి కరెంటు తగ్గుతుంది, ఫ్లక్స్ (ఆ క్షేత్రం బలం) తగ్గుతుంది, మోటారు కాస్త వేగం పుంజుకుంటుంది. టాకో పనిచేస్తుంటే ఆ తేడా పైపుదాకా వచ్చేది కాదు.

చివరికి ఒక మధ్యాహ్నం బ్రష్షులు చూద్దామని మోటారు పక్కన కూర్చుంటే, షాఫ్టు నిలకడగా తిరుగుతోంది, టాకో మాత్రం కునికిపాట్లు పడుతోంది. లైను ఆపి, అలెన్ కీతో రెండు తిప్పులు తిప్పితే సరిపోయింది. తిట్లు తిన్న రెసిన్ సరఫరాదారుకు ఆ సాయంత్రమే ఫోను చేశాను.

ఆ తర్వాత అలారం రిలేకు ఎర్ర దీపం, హారన్ కలిపాను. మొదటి రోజే చేయాల్సింది, తప్పు సగం నాదే.

సెమీకండక్టర్ ఫ్యూజులు రెండుసార్లు పోయాయి. రెండుసార్లూ కారణం మోటారులో పేరుకున్న బ్రష్షుల బొగ్గు పొడి, డ్రైవ్ కాదు. మోటారు ఇంకా గట్టిగా ఉంది, కమ్యుటేటర్‌ను (బ్రష్షులు ఆనే రాగి భాగాన్ని) లేత్ పట్టించడానికి బాలానగర్ మాకు దగ్గర, అందుకే డీసీలోనే ఉన్నాను. కొత్త లైను వేసేవారైతే ఏసీ మోటారు ధర కూడా అడిగి చూడండి. ఫీల్డ్ కరెంటును నియంత్రించే డ్రైవ్ ఉన్నవారికి నా పైపు కష్టాలు ఇంతగా రాకపోవచ్చు.

హారన్ ఇంతవరకు ఒక్కసారే మోగింది. ఆ రోజు టాకో వైరును ఎలుక కొరికింది.