టెలిగ్రామ్ బాట్ ఏపీఐ: సందేశాల రాక పదిలం, పోకతోనే పేచీ

మెసేజింగ్ యాప్ టెలిగ్రామ్‌లో తమంతట తామే జవాబిచ్చే ప్రోగ్రాములను (బాట్లను) నడిపేందుకు ఆ సంస్థ 2015 జూన్‌లో బయటి ప్రోగ్రామర్లకు తెరిచిన అనుసంధాన మార్గం, బాట్ ఏపీఐ, ఇప్పటికీ ఉచితంగానే లభిస్తోంది. బాట్లను నమోదు చేసే టెలిగ్రామ్ సొంత బాట్ అయిన బాట్‌ఫాదర్‌ను అడిగితే టోకెన్ (మన బాట్‌కు తాళంచెవి లాంటి రహస్య కోడ్) చేతికి వస్తుంది. సంస్థ ధ్రువీకరణ, ముందుగా ఆమోదం పొందాల్సిన సందేశ నమూనాలు (టెంప్లేట్లు) వంటి వాట్సాప్ తరహా లాంఛనాలేవీ ఉండవు. (జనం ఎక్కువగా ఉన్నది వాట్సాప్‌లోనే కదా అంటే కాదనలేం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో ప్రారంభించిన పౌర సేవల వేదిక ‘మన మిత్ర’ కూడా అక్కడే నడుస్తోంది.) ఇంత సులువుగా దొరికే సేవను నమ్ముకుని, మన సర్వర్ మధ్యరాత్రి పడిపోయినా ఒక్క మాటా పోని బాట్‌ను నిలబెట్టగలమా? మన దగ్గరికి వచ్చే సందేశాల వరకు నిలబెట్టగలమనే నా అభిప్రాయం. మనం పంపే సందేశాల విషయంలో మాత్రం ఇందులో ఒక ముఖ్యమైన లోపం ఉంది.

ముందుగా రాక సంగతి. వినియోగదారులు పంపినవాటిని మన ప్రోగ్రామే వెళ్లి అడిగి తెచ్చుకోవచ్చు, లేదా వెబ్‌హుక్ ద్వారా, అంటే సందేశం రాగానే టెలిగ్రామే మన సర్వర్ చిరునామాకు పంపేలా, ఏర్పాటు చేసుకోవచ్చు. రెండూ ఒకేసారి కుదరవు. మనం తీసుకోని సందేశాలను టెలిగ్రామ్ 24 గంటల వరకు దాచి ఉంచుతుంది కాబట్టి, రాత్రి ఆగిన సర్వర్‌ను ఉదయం లేపినా పెద్ద నష్టం ఉండదు. వచ్చే ప్రతిదానికీ టెలిగ్రామ్ ఒక సంఖ్య ఇస్తుంది. అడిగి తెచ్చుకునే పద్ధతిలో, తరువాతి సంఖ్య నుంచి ఇమ్మని అడిగిన క్షణానే వెనుకటివన్నీ మనకు అందినట్లు లెక్క. అందువల్ల వచ్చినదాన్ని డేటాబేస్‌లో రాసుకున్న తరువాతే ఆ సంఖ్యను పెంచాలి.

వెబ్‌హుక్ పద్ధతిలో మన సర్వర్ సరైన జవాబు ఇవ్వకపోతే టెలిగ్రామ్ అదే సందేశాన్ని మళ్లీ పంపుతుంది, కొన్ని ప్రయత్నాల తరువాత వదిలేస్తుంది. ఎన్ని ప్రయత్నాలన్నది డాక్యుమెంటేషన్‌లో చెప్పకుండా ‘సమంజసమైనన్ని’ అని సరిపెట్టారు. నమ్మకమైన వ్యవస్థను కట్టేవారికి ఆ మాట చాలదు. పైగా ఇప్పటి బాట్లు చాలావరకు భాషా నమూనాను (ఏఐని) అడిగి జవాబు చెప్పేవే. ఆ జవాబు తయారయ్యేదాకా కనెక్షన్‌ను పట్టి ఉంచితే గడువు దాటుతుంది, అదే ప్రశ్న రెండోసారి వస్తుంది, వినియోగదారుడికి రెండు జవాబులు వెళ్తాయి. వచ్చినదాన్ని క్యూలో వేసి వెంటనే 200 (‘అందింది’ అనే సంకేతం) చెప్పి పంపేయడం, అసలు పనిని వేరే ప్రక్రియకు అప్పగించడం, ఒకే సంఖ్య రెండుసార్లు నమోదు కాకుండా డేటాబేస్‌లోనే కట్టడి పెట్టడం ఇక్కడ తప్పనిసరి. ‘గత సంఖ్య కంటే పెద్దదైతేనే స్వీకరించు’ అన్న అడ్డదారి మాత్రం పనికిరాదు. వారం రోజులపాటు కొత్త సందేశాలేవీ రాకపోతే తరువాతి సంఖ్యను టెలిగ్రామ్ వరుసలో కాకుండా యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది.

ఇక పోక సంగతి. సందేశం పంపమని అడిగాం, జవాబు రాకముందే కనెక్షన్ తెగింది. అది చేరిందో లేదో బాట్‌కు తెలిసే మార్గం లేదు. మళ్లీ పంపితే ‘మీ చెల్లింపు అందింది’ అన్న మాట రెండుసార్లు కనబడవచ్చు, పంపకపోతే అసలు కనబడకపోవచ్చు. టెలిగ్రామ్ సొంత యాప్‌లు వాడే ఎంటీప్రోటో అనే ప్రోటోకాల్‌లో, పంపేవారే ప్రతి సందేశానికీ ఒక యాదృచ్ఛిక సంఖ్యను జతచేసి నకళ్లను నివారించే ఏర్పాటు ఉంది. దాన్ని బాట్ ఏపీఐలో మనకు అందనివ్వలేదు. అయితే పంపిన సందేశాన్ని సవరించడానికి ఈ చిక్కు లేదు. ఒకే సవరణను రెండోసారి పంపితే, మారిందేమీ లేదన్న దోషసూచన వస్తుంది, అంతే. అందుకే ముందు ‘చూస్తున్నాను’ అని చిన్న సందేశం పంపి, జవాబు సిద్ధమయ్యాక దాన్నే సవరించే పద్ధతి నాకు నచ్చింది. డబ్బు వ్యవహారాలలో మాత్రం లావాదేవీ సంఖ్యను సందేశంలోనే చేర్చడం క్షేమం.

పంపే వేగంపై పరిమితులు కఠినమైనవే అయినా దాపరికం లేనివి. ఒక చాట్‌కు సెకనుకు ఒక సందేశం, ఒక గ్రూపుకు నిమిషానికి 20, మూకుమ్మడిగా పంపేటప్పుడు సెకనుకు దాదాపు 30. దాటితే 429 అనే దోషసూచన వస్తుంది, ఎన్ని సెకన్లు ఆగాలో కూడా అందులోనే ఉంటుంది. 10,000 మందికి ఒక ప్రకటన చేరాలంటే ఐదున్నర నిమిషాలకు పైగా పడుతుందన్న మాట. టెలిగ్రామ్ సొంత డిజిటల్ నాణేలైన స్టార్లు చెల్లించేవారికి ఈ వేగం సెకనుకు 1000 వరకు పెరుగుతుంది.

తెలుగు బాట్లు కట్టేవారు చూసుకోవలసిన పరిమితి మరొకటి ఉంది. బటన్ నొక్కినప్పుడు తిరిగి వచ్చే సమాచారం 64 బైట్లు మించకూడదు. అక్షరాలను కంప్యూటర్‌లో నమోదు చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి కాబట్టి, ‘శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు’ అన్న జిల్లా పేరుకే ఖాళీలు కాక 84 బైట్లు అవుతాయి. బటన్‌పై పేరు తెలుగులో ఉంచి, వెనుక జిల్లా కోడ్ మాత్రమే పంపాలి.

ఫైళ్ల విషయంలో పరిమితి ఇరుకే: బాట్ 20 ఎంబీ వరకే దించుకోగలదు, 50 ఎంబీ వరకే పంపగలదు. 2020 నవంబరులో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన బాట్ ఏపీఐ సర్వర్‌ను మన యంత్రంపైనే నడుపుకుంటే 2000 ఎంబీ వరకు పంపవచ్చు. అయితే అక్కడికి మారేముందు టెలిగ్రామ్ క్లౌడ్ సర్వర్ నుంచి లాగవుట్ కావాలి, ఆపై 10 నిమిషాల వరకు ఆ క్లౌడ్ సర్వర్‌కు తిరిగి రావడం కుదరదు. అదీగాక సొంత సర్వర్ బాగోగులు కూడా మన నెత్తినే పడతాయి కాబట్టి, పెద్ద ఫైళ్ల అవసరం లేని బాట్‌కు ఆ మార్పు నేను సూచించను.