డబ్బా రేకు ఈలా, గొట్టం ఈలా?

ఆపదలో సాయం కోసం ఊదే ఈలను శీతల పానీయం డబ్బాతో చేయడానికి కత్తెర, పెన్సిల్ చాలు. సన్నని పట్టీ కోసి పెన్సిల్‌కు చుట్టి వంచాలి. ఇంకో చిన్న ముక్కను పట్టీ మొదలు దగ్గర మడిచి గాలి దారిగా మార్చాలి. ఇట్టే అయిపోయే పని. అయితే ఈ ఈలకు పక్క గోడలుండవు. రెండు వేళ్లతో అటూ ఇటూ మూస్తేనే మోగుతుంది. చలికి కొంకర్లు పోయిన వేళ్లతోనో, దెబ్బ తగిలిన చేతితోనో అది సాధ్యమా? పైగా రేకు మందం సుమారు 0.1 మిల్లీమీటరు, సంచిలో కాస్త నలిగితే మూగబోతుంది. అంచులు పెదవిని కోస్తాయి కూడా.

పాత అల్యూమినియం గొట్టం ముక్కకు శ్రమ ఎక్కువే. రంపంతో గాడి కోసి, దాని అవతలి అంచును ఆకురాయితో వాలుగా అరగదీయాలి. నోటివైపు పెట్టే కర్ర బిరడా పైభాగాన్ని ఒక మిల్లీమీటరు మేర చదును చేస్తే, గాలి పలుచని పొరలా వెళ్లి ఆ అంచును తాకుతుంది. శబ్దం పుట్టేది అక్కడే. రెండో కొసను బిగుతుగా మూసేయాలి. లోపలి ఖాళీ 5 సెంటీమీటర్లుంటే స్వరం సుమారు 1,600 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు). 3 సెంటీమీటర్లయితే సుమారు 2,500. మన చెవి చురుగ్గా పట్టేది 2,000 నుంచి 5,000 మధ్య కాబట్టి పొట్టిదే మేలు. తడిస్తే బిరడా ఉబ్బి గాలి దారి ఇరుకవుతుంది, నిజమే.

అయినా నా ఓటు గొట్టానికే. పర్వతారోహకుల ఆపద సంకేతం నిమిషానికి 6 ఈలలు, ఆపై నిమిషం విరామం, మళ్లీ 6. గొట్టమైతే పళ్ల మధ్య పట్టుకుని ఊదవచ్చు, చేతులతో పని లేదు.